కింది అంతస్తులో ఒక గది



కోనసీమలో ఒకటో తారీఖు తెల్లవారకముందే మొదలవుతుంది. సచివాలయం ఉద్యోగి బండి దిగి గుమ్మం ముందు పిలిస్తే, ముసలమ్మ కొంగుకి చేతులు తుడుచుకుంటూ బయటికొస్తుంది. మిషను మీద వేలు పెడుతుంది. మిషను ఒప్పుకోదు. ఏళ్ల తరబడి కొబ్బరి పీచు పనిలో అరిగిన వేలికి గీతలు మిగులుతాయా? ఇంకో వేలు, ఇంకో చెయ్యి, ఆఖరికి ముఖం చూపించాక నాలుగు వేల రూపాయల పెన్షన్ చేతిలో పడుతుంది. లెక్కపెట్టి, మడిచి, బొడ్లో దోపుకుంటుంది.

ఆ నాలుగు వేలతో ఆమె ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, అర్ధరాత్రి కాలు జారి పడితే ఎవర్ని కేకెయ్యాలి? ఈ పూట మాట్లాడదామనుకున్నది ఆ సంగతే.

ముందు డబ్బు. పేద వృద్ధులకు పెన్షనని కేంద్ర ప్రభుత్వం 1995 ఆగస్టు 15న మొదలుపెట్టినప్పుడు అది నెలకు 75 రూపాయలు. ఇప్పుడు కేంద్రం వాటా 80 ఏళ్ల లోపు వాళ్లకి 200, ఆ పైబడిన వాళ్లకి 500. ఏళ్లు గడిచినా అక్కడే ఉండిపోయింది. మిగతాదంతా రాష్ట్రం వేసుకుంటుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2019 జనవరిలో రెండు వేలైంది, 2024 జనవరికి మూడు వేలైంది, అదే ఏడాది జూలై 1న ఎన్టీఆర్ భరోసా పేరుతో నాలుగు వేలు చేతికొచ్చింది. పూర్తిగా మంచాన పడ్డవాళ్లకి 15 వేలు. చాలా రాష్ట్రాల్లో ముసలివాళ్లకి ఇందులో సగం కూడా లేదు. ఆ మాట ఒప్పుకుని తీరాలి. అయితే మామూలు నియమం ప్రకారం ఇంటికి ఒక్కటే పెన్షన్. భర్త పోతే మరుసటి నెల నుంచే భార్యకు ఇచ్చే ఏర్పాటు 2024 చివర్లో వచ్చింది. మంచిదే. కానీ ఇద్దరూ బతికున్నన్నాళ్లూ ఆ నాలుగు వేలూ ఇద్దరివి. బీపీ బిళ్లలూ ఇద్దరివే.

ఇక ఈ ముసలివాళ్లు ఎవరు? కోనసీమ అనగానే బయటివాళ్లకి కళ్లముందు కనపడేది కొబ్బరితోట, మండువా లోగిలి, పూతరేకులు. ఆ తోటలో చెట్టెక్కి దింపు తీసినవాడు, కాయ వలిచినవాడు, అంబాజీపేట మార్కెట్లో బస్తాలు మోసినవాడు, పీచు మిల్లులో తుక్కు పీలుస్తూ పనిచేసిన ఆడమనిషి, వరిచేలో నడుం వంచి నాట్లు వేసిన కూలీ — వాళ్లకి పి.ఎఫ్. లేదు, గ్రాట్యుటీ లేదు. ఒంట్లో సత్తువున్నన్నాళ్లే వాళ్ల జీతం. దింపు కార్మికుడికి యాభై దాటేసరికి మోకాళ్లు పోతాయి. ఆ తరవాత ఇరవై ఏళ్లు బతకాలి కదా.

ఇల్లుందిగా అంటారు. ఉంటుంది. రెండు సెంట్లలో కాలనీ ఇల్లు, లేదా తాటాకు కప్పిన పాక. పెద్దకొడుకు ఒక గది, చిన్నకొడుకు ఒక గది పంచుకున్నాక ముసలాళ్లకి వసారాలో నులకమంచం మిగులుతుంది. దానికీ వంతులు. నెల పెద్దవాడి దగ్గర, నెల చిన్నవాడి దగ్గర. కొన్ని ఇళ్లలో అమ్మని ఒకడు, నాన్నని ఒకడు పంచుకుంటారు. యాభై ఏళ్లు కాపురం చేసిన మనుషులు ఒకే ఊళ్లో రెండు వీధుల్లో వేరువేరుగా ముద్ద తింటారు. ఇది నేను కొడుకుల మీద చెప్పే చాడీ కాదండి. వాళ్లకీ రెండు గదులకన్నా ఎక్కువ లేవు.

మరి కొన్ని ఇళ్లలో వంతులు వేసుకోడానికి పిల్లలే ఉండరు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అంతటా అదే మాట. “మా అమ్మాయి కువైట్‌లో ఉందండి, ఆయ్.” దుబాయి, మస్కట్, ఖతార్. కోనసీమ ఆడపిల్లలు ఇళ్లలో పనికని అక్కడికి వెళ్లడం ఇవాళ్టిది కాదు, ఒకటి రెండు తరాలుగా నడుస్తున్నది. చాలామంది అక్కడ చేసే పనేమిటి? ఆ ఇంటి ముసలమ్మకు స్నానం చేయించడం, వేళకి మందులివ్వడం, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తిప్పడం, రాత్రి పక్కన పడుకోవడం. ఇక్కడ ఆ అమ్మాయి కన్నతల్లి ఒక్కతే మంచం పట్టెని పట్టుకుని లేస్తుంటుంది. ఒక్కతే అని ఎందుకన్నాను? ఆ అమ్మాయి కన్న పిల్లలు కూడా ఈ ముసలామె మీదే ఉంటారు. అరవై ఏడేళ్ల మనిషి, ఒకరు తనని చూసుకోవలసిన వయసులో, బడికెళ్లే పిల్లలకి క్యారేజీలు కడుతుంది.

ముసలితనం మన రాష్ట్రానికి గట్టిగానే వస్తోంది. 2021 నాటికి ఆంధ్రప్రదేశ్ జనాభాలో అరవై దాటినవాళ్లు 12.4 శాతం ఉంటారని కేంద్ర గణాంక శాఖ అంచనా కట్టింది. దేశం మొత్తం మీద అది 10.1 శాతమే. కేరళ, తమిళనాడు, హిమాచల్, పంజాబ్ తరవాత మనమే. ఇంకోపక్క పుట్టేవాళ్లు తగ్గిపోయారు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధనని 2024లో తీసేశారంటే ఈ భయంతోనే. పుట్టబోయేవాళ్ల సంగతి సరే, ఇప్పటికే పుట్టి, పండిపోయినవాళ్ల సంగతేమిటి?

వాళ్ల ఇంటి సంగతి చూడటానికి బోడసకుర్రు వెళ్దాం. అమలాపురం నుంచి రాజోలు వెళ్లే దారిలో, వైనతేయ నది మీద వంతెన ఎక్కబోయే ముందు వచ్చే ఊరు. అల్లవరం మండలం. అమలాపురం పట్టణంలో ఇల్లులేని పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో అపార్టుమెంట్లు అక్కడ కట్టింది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన డబ్బు, రాష్ట్రం డబ్బు, లబ్ధిదారు పేరున బ్యాంకు అప్పు కలిపి కట్టే పథకం అది. కింద ఒక అంతస్తు, పైన మూడు. 300, 365, 430 చదరపు అడుగుల్లో ఇళ్లు. మన రాష్ట్రంలో పేదవాడికి అపార్టుమెంటు అంటే ఇదే. పెంకుటింటి మనుషులకు ఇది కొత్త బతుకు. పెరడు లేదు, అరుగు లేదు, కోడిపిల్లని పెంచుకునే చోటు లేదు. అయినా పైకప్పు కారదు, పాము రాదు, మరుగుదొడ్డి ఇంట్లోనే ఉంటుంది. వానాకాలం కోనసీమలో రాత్రి పూట గొడుగేసుకుని పెరట్లోకి వెళ్లిన ముసలివాళ్లకి ఆ చివరి మాట విలువ తెలుసు.

చిక్కు మెట్ల దగ్గర వస్తుంది. నాలుగంతస్తుల ఆ ఇళ్లకి లిఫ్టు ఉండదు. మోకాళ్లు పోయిన దింపు కార్మికుడికి లాటరీలో మూడో అంతస్తు వచ్చిందనుకోండి, ఇల్లొచ్చినట్టా, రానట్టా? ఒకసారి పైకెక్కాడంటే ఆసుపత్రికి దిగాలన్నా ఆలోచిస్తాడు. ఆఖరికి ఇల్లు ఎవరికో అద్దెకిచ్చి, మళ్లీ కొడుకు వసారాలోకే చేరతాడు.

దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఆవాస్ యోజన పట్టణ మార్గదర్శకాల్లోనే రాసి ఉంది: వికలాంగులకీ, వృద్ధులకీ కేటాయింపులో ప్రాధాన్యం ఇవ్వాలని, వీలైనంతవరకు కింది అంతస్తులోనే ఇవ్వాలని. రాసింది రాసినట్టు అమలు చేస్తే చాలు. లాటరీ తీసేవాళ్లు ముందు వృద్ధుల జాబితా వేరుచేసి, కింది ఇళ్లు వాళ్లకి పంచి, మిగిలినవే డబ్బాలో వేయాలి. ఒక పూట పని.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఆ ఇళ్లు సొంతానికి ఇచ్చేవి. 365, 430 అడుగుల ఇంటికి బ్యాంకు అప్పు కావాలి, ఏళ్ల తరబడి వాయిదాలు కట్టాలి. అరవై ఐదేళ్ల ఒంటరి మనిషికి ఏ బ్యాంకు ఇస్తుంది? ఇచ్చినా ఎవరు కడతారు? ముసలివాళ్లకి కావలసింది పట్టా కాదని నా అభిప్రాయం. బతికున్నన్నాళ్లు ఎవరూ లేవగొట్టని గది కావాలి. తమ తరవాత అది మరో ముసలివాళ్లకి వెళ్లాలి. అంటే అద్దె ఇల్లు. పెన్షన్లో ఇమిడే అద్దె.

అమెరికాలో ఇలాంటిది ఉంది. 1959 నాటి గృహనిర్మాణ చట్టంలో 202వ సెక్షన్ అని ఒకటి పెట్టారు. లాభం చూసుకోని సంస్థలకి, చర్చిలకీ సంఘాలకీ, ప్రభుత్వం పెట్టుబడి సాయం చేస్తుంది. వాళ్లు అపార్టుమెంట్లు కట్టి, అరవై రెండేళ్లు నిండిన పేదవాళ్లకి ఇస్తారు. ఉండేవాళ్లు తమ ఆదాయంలో దాదాపు 30 శాతం అద్దె కడతారు, తక్కువ పడింది ప్రభుత్వం వేస్తుంది. ఆదాయం తగ్గితే అద్దె కూడా తగ్గుతుంది. సింగపూర్ ఇంకో అడుగు వేసింది. 2021లో బుకిట్ బాటోక్ అనేచోట అరవై ఐదు దాటినవాళ్ల కోసమే అపార్టుమెంట్లు అమ్మకానికి పెట్టారు. ఇల్లు ఒక్కటే విడిగా కొనడానికి వీల్లేదు, దాంతోపాటు సంరక్షణ కూడా తీసుకోవాలి. రాత్రీ పగలూ ఆపదలో పిలిస్తే పలికే ఏర్పాటు, చిన్న చిన్న మరమ్మతులు, అందరూ కలిసి కూర్చునే హాలు, ఆ మేడ బాగోగులు చూసే ఒక మనిషి.

ఆ దేశాల డబ్బు మనకెక్కడిదంటారు. సరే, మన లెక్కే వేద్దాం. నాలుగు వేల పెన్షన్లో 30 శాతం అంటే 1200. అమలాపురంలో 1200కి మరుగుదొడ్డి ఉన్న గది ఎవరిస్తారో మీరే చెప్పండి. కాబట్టి అది ప్రభుత్వమో, ధర్మసంస్థో కట్టాల్సిందే. కొత్తగా వచ్చిన ఆవాస్ యోజన రెండో విడతలో తక్కువ అద్దె ఇళ్లకని ఒక విభాగం ఉంది. దాన్ని వలస కూలీలకి, ఉద్యోగం చేసుకునే ఆడవాళ్లకి ఎంత వాడతారో వృద్ధులకీ అంత వాడాలి. ఇక తిండి. అన్న క్యాంటీన్లో పూటకి ఐదు రూపాయలు, మూడు పూటలకి పదిహేను. 2024 ఆగస్టు 15న అవి మళ్లీ తెరుచుకున్నాయి. అయితే అవి ఎక్కువగా పట్టణాల్లో ఉంటాయి, బోడసకుర్రు మేడ దగ్గర ఉండవు. పదిహేను రూపాయల భోజనం కోసం ముసలివాడు ఆటోకి అంతకంటే ఎక్కువ ఇచ్చుకోలేడు కదా. క్యాంటీన్‌కి వండే వంటశాల నుంచే వృద్ధుల మేడకి రెండు పూటలా క్యారేజీలు పంపొచ్చు. బడి పిల్లలకి అన్నం పంపడం తెలిసిన ప్రభుత్వానికి ఇది కొత్త విద్య కాదు.

ఆ బడి భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ మన మనిషి. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో కన్నుమూసేదాకా గోదావరి దాటొచ్చిన బాటసారికి వేళగానివేళ అన్నం పెట్టింది. గన్నవరం అక్విడెక్టు మీదుగా వెళ్తే ఆవిడ పేరు కనిపిస్తుంది. పేర్లు పెట్టడంలో మనకి లోటు లేదు. ఆవిడ చేసిన పనిలో గొప్పతనం ఒక్క అన్నంలోనే లేదని నాకనిపిస్తుంది. వచ్చినవాడు ఆకలితో ఉన్నాడో, జ్వరంతో ఉన్నాడో గుమ్మంలో ఒక మనిషి చూసి పలకరించేది. ముసలివాళ్లకి మనం కట్టే ఏ మేడలోనైనా మొదట లోపించేది ఆ పలకరింపే.

దీనికి మనుషులు ఎక్కడ దొరుకుతారు? కువైట్ నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్లు. పదేళ్లు, పదిహేనేళ్లు పరాయివాళ్ల ముసలివాళ్లని సాకి వచ్చిన వాళ్లకి మంచంలో మనిషిని పుండు పడకుండా ఎలా తిప్పాలో తెలుసు. చక్కెర పడిపోతే ముఖం చూసి పోల్చగలరు. కోపాన్నీ, మతిమరుపునీ ఓర్చుకోవడం తెలుసు. ఇంటికొచ్చాక వాళ్లు ఏం చేస్తున్నారు? ఉపాధి హామీ పనికి వెళ్తున్నారు, లేదా మళ్లీ వీసా కోసం ఏజెంటు చుట్టూ తిరుగుతున్నారు. వాళ్లకి మూడు నెలలు ఆసుపత్రిలో పని నేర్పి, ఒక సర్టిఫికెట్ ఇచ్చి, నెల జీతం మీద పెడితే ఇరవై మంది వృద్ధులున్న మేడకి పగలొకరు, రాత్రొకరు సరిపోతారు. మన దగ్గర ఉన్న ఇంత పనితనాన్ని మనం విమానమెక్కించి పంపుతూ, ఇక్కడ సంరక్షకులు లేరని వాపోవడం నాకు విడ్డూరంగా ఉంటుంది.

కేరళ వాళ్లు దీన్ని ఇంకో దారిలో చేశారు. 1993లో కోళిక్కోడ్ వైద్య కళాశాలలో కొద్దిమంది డాక్టర్లు నొప్పి తగ్గించే వైద్యం మొదలుపెట్టారు. అది ఊళ్లలోకి పాకింది. వారానికి కొన్ని గంటలు ఇవ్వగల మామూలు మనుషులు, టీచర్లు, ఆటోడ్రైవర్లు, కాలేజీ పిల్లలు శిక్షణ తీసుకుని మంచాన పడ్డవాళ్ల ఇళ్లకి వెళ్లడం మొదలుపెట్టారు. 2008లో ఆ రాష్ట్రం దానికొక విధానమే ప్రకటించింది. పంచాయతీలు నిధులిస్తున్నాయి. మన దగ్గర ఏఎన్ఎం ఉంది, ఆశా కార్యకర్త ఉంది, 104 బండి ఉంది. డెబ్బై దాటితే పేదా గొప్పా లేకుండా ఐదు లక్షల వైద్యానికి వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. ఊతకర్రలు, వినికిడి మిషన్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇచ్చే వయోశ్రీ పథకం 2017లో దేశం మొత్తానికీ మన నెల్లూరులోనే మొదలైంది. ఒక్కొక్కటి ఒక్కో శాఖ చేతిలో ఉంది. ముసలాయన ఒక్కడే. అన్ని శాఖల గుమ్మాలూ ఆయనే తిరగాలి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. అందులో 19వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మంది నిరుపేదలకి సరిపోయేలా పెట్టుకోవచ్చు. తప్పనిసరి మాత్రం చేయలేదు. నన్నడిగితే కోనసీమకి ఆ 150 మంది ఆశ్రమం వద్దు. అంతమందిని ఒకచోట చేరిస్తే అది హాస్టలైపోతుంది. గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం. సఖినేటిపల్లి మనిషిని అమలాపురం తెచ్చి పడేస్తే ఆయన గుడి, ఆయన చర్చి, ఆయన చీట్లపేక జట్టు అక్కడే ఉండిపోతాయి. ఒక్కో మండలంలో ఇరవై, ఇరవై ఐదు మందికి ఒక చిన్న మేడ చాలు. 25 మంది ఉండే ఇళ్లకి కూడా కేంద్ర సామాజిక న్యాయ శాఖ స్వచ్ఛంద సంస్థలకి గ్రాంటు ఇస్తుంది.

ఇక్కడ ఒక మాట మరవకూడదు. కింది అంతస్తు అన్నాను. కోనసీమలో నేలమట్టం నీళ్ల పాలు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు లంకల్లో ముసలివాళ్లని పడవల్లోకి ఎత్తుకుని తెచ్చారు. కొందరు గేదెని వదిలి రామన్నారు. 1996 నవంబరు 6 తుపాను రాత్రి గుర్తున్నవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. అందుకని ఆ మేడ ఏటిగట్టు లోపల, మెరక మీద కట్టాలి. పునాది మనిషి నడుమెత్తు లేపాలి. మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కే ఏటవాలు దారి పెట్టాలి. మరుగుదొడ్డి గోడకి పట్టుకునే కడ్డీ బిగించాలి. ఆ కడ్డీకి అయ్యే ఖర్చు తుంటి ఎముక ఆపరేషన్ ముందు ఎంత?

కన్నబిడ్డలుండగా ఇదంతా ఎందుకు, ఇది మన సంప్రదాయమా అని కొందరు అడుగుతారు. సంప్రదాయం మాట వస్తే, మన తాతల కాలంలో దిక్కులేని ముసలివాళ్లు కాశీకి వెళ్లిపోయేవారు. ఇంట్లో ఉన్న వితంతువుల బతుకు ఎలా ఉండేదో కూడా మనకి తెలుసు. అమ్మ పక్క వీధిలో తన గదిలో తానుంటే, సాయంత్రం కొడుకు వచ్చి కూర్చుని టీ తాగి వెళ్తే, ఆ ప్రేమకి వచ్చే నష్టమేమీ లేదు. వంతుల బతుకులో ఇద్దరికీ మిగిలేది రోజూ సణుగుడే.

అయితే ఇల్లు రాయించుకుని గెంటేసేవాళ్లని మాత్రం వదలకూడదు. పైన చెప్పిన చట్టమే 23వ సెక్షన్లో, చూసుకుంటానన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చంది. ఆ షరతు కాగితంలో ఉండటం ముఖ్యమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో ఈ చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా చూడాలని కూడా చెప్పింది. కాబట్టి రెండు సెంట్లయినా సరే, పిల్లలకి రాసేటప్పుడు “నన్ను బతికున్నన్నాళ్లు పోషించాలి” అన్న వాక్యం దస్తావేజులో రాయించండి. మొహమాట పడకండి. ఇప్పటికే రాసేసి ఇబ్బంది పడుతున్నవాళ్లు, తిండి పెట్టని పిల్లలున్నవాళ్లు అమలాపురంలో గానీ కొత్తపేటలో గానీ ఆర్డీవో గారి కార్యాలయంలో అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ లాయరు ఉండకూడదన్నది చట్టంలోనే ఉంది. మీ నోటితో మీరే చెప్పుకోవచ్చు. నెలకు పదివేల వరకు భరణం ఇప్పించే అధికారం ఆ ట్రిబ్యునల్‌కి ఉంది. ఆఫీసుకి వెళ్లలేనివాళ్లు 14567 నంబరుకి ఫోను చేయండి, అది వృద్ధుల కోసమే పెట్టిన ఉచిత సహాయవాణి.

వింటున్నవాళ్లలో ఓపికున్నవాళ్లకి ఒక విన్నపం. మీ వీధిలో ఒంటరిగా ఉన్న ముసలివాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయండి. వచ్చే సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే వేళకి అది పట్టుకుని వెళ్లి, పేదల అపార్టుమెంట్లలో కింది అంతస్తు ఇళ్లు ఎన్ని, వాటిలో వృద్ధులకి ఇచ్చినవి ఎన్ని అని అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.